మీకు తెలుసా? మన లైన్లో లేని సొరంగాల సంగతులు

విజయవాడలో రైలెక్కి ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు దాటి కొవ్వూరు చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని చూడండి. చేలు, చెరువులు, కాలువలు, కొబ్బరిచెట్లు ఎన్నైనా కనిపిస్తాయి. సొరంగం మాత్రం ఒక్కటీ రాదు. కొల్లేటికి దక్షిణంగా గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం మీదుగా పోయే లైన్లోనూ అంతే. కృష్ణా గోదావరులు వేల ఏళ్ళు ఒండ్రు పోసి చదును చేసిన నేల ఇది. తొలవడానికి కొండేదీ? అందుకే మన పిల్లలు అరకు రైల్లో మొదటి సొరంగం రాగానే పెట్టె దద్దరిల్లేలా కేకలేస్తారు. ఆ సొరంగాలు ఊరికి దూరంగా ఉన్నా, మన పట్టాలతో వాటికి చుట్టరికం ఉంది. ఈసారి ఆ సంగతులే.

ఎక్కుడంటే రైలుకెందుకు గిట్టదు?

బస్సు చక్రం రబ్బరుది, రోడ్డు తారుది. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. రైలుకు చక్రమూ ఉక్కే, పట్టా కూడా ఉక్కే. రెండూ నున్నగా ఉండబట్టే ఒక్క ఇంజిను వేల టన్నుల బరువును లాక్కుపోతుంది. ఎక్కుడు దగ్గరకొచ్చేసరికి ఆ నునుపే ఇబ్బంది పెడుతుంది. పట్టు చాలక చక్రం జారుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సు ఇరవై మీటర్ల దూరంలో ఒక మీటరు ఎత్తు ఎక్కేస్తుంది. అరకు లైన్లో నిటారుగా ఉన్నచోట కూడా అరవై మీటర్లకు ఒక మీటరే ఎక్కుడు. అంటే వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరాలంటే కనీసం అరవై కిలోమీటర్ల పట్టా వేయాలి. బస్సులాగా మలుపు దగ్గర గిరుక్కున తిరగడమూ రైలు వల్ల కాదు. అందుకని లైను కొండ వాలును పట్టుకుని చుట్టూ పాకుతుంది. లోయ అడ్డొస్తే వంతెన, కొండ అడ్డొస్తే సొరంగం. ఇంజనీరు సరదాకి ఏ కొండనూ తొలవడు. వేరే దారి లేనప్పుడే తొలుస్తాడు.

ఏలూరుకు రైలు ఎప్పుడొచ్చింది?

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో 1893 నుంచి 1896 లోపు విజయవాడ నుంచి కటక్ దాకా ముక్కలు ముక్కలుగా లైను తెరిచారు. మన ఊళ్ళకు రైలు కూత వినిపించింది ఆ రోజుల్లోనే. కొండ లేదు కదా, పని సులువుగా సాగి ఉంటుందనిపిస్తుంది. ఇక్కడి పోరు నీటితో.

ఉత్తరాన మెట్టప్రాంతంలో పుట్టిన బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు కిందికి దిగి కొల్లేట్లో కలుస్తాయి. రైలు కట్ట వాటికి అడ్డంగా పడింది. వరద తగలకూడదంటే కట్ట ఎత్తుగా పోయాలి. ఎత్తుగా పోస్తే అదే ఆనకట్టయి పై ఊళ్ళను ముంచుతుంది. అందుకే ఈ లైను పొడవునా అన్ని తూములు, అన్ని కల్వర్టులు. రైల్లో పోతున్నప్పుడు చక్రాల చప్పుడు ఒక్క క్షణం డొల్లగా మారుతుంది, మళ్ళీ మామూలవుతుంది. ఆ క్షణంలో మీ కింద ఏదో ఒక కాలువో మురుగో ఉన్నట్టు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును కైకలూరు, ఆకివీడు మధ్య పట్టాలు దాటుతాయి. ఆ చుట్టుపక్కలంతా నల్లరేగడి. ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. అలాంటి మట్టి మీద పట్టాలను సమంగా నిలపడం ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు, ఏటేటా చేస్తూనే ఉండాలి.

ఇంకా పెద్ద అడ్డంకి గోదావరి. ఇటు కొవ్వూరు దాకా పట్టాలున్నాయి, అటు రాజమండ్రి నుంచి పట్టాలున్నాయి, నడుమ నది ఉంది. 1897లో వంతెన పని మొదలుపెట్టి 1900లో రైలు నడిపారు. 56 ఖానాలు, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు. పని నడిపించిన ఇంజనీరు వాల్టన్. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్‌ది పెట్టారు. 1997లో విశ్రాంతి ఇచ్చేదాకా దాదాపు శతాబ్దం పాటు అది బరువు మోసింది. సొరంగాల గొప్ప చెప్పుకునేవాళ్ళకు ఈ వంతెనను చూపించాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

కైకలూరు పట్టాకూ నల్లమల సొరంగానికీ చుట్టరికం

1876-78లో ధాత కరువు రాయలసీమను తుడిచిపెట్టింది. ధాన్యం ఉన్నచోటి నుంచి లేనిచోటికి తీసుకుపోయే దారి లేక జనం రాలిపోయారు. కరువు ప్రాంతాల గుండా రైలుదారులు వేయాలన్న ఆలోచన ఆ తర్వాత గట్టిపడింది. అలా వేసినదే బళ్ళారి-కృష్ణా స్టేట్ రైల్వే. గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం, గుంటూరు మీదుగా కృష్ణ ఒడ్డుకు వచ్చే మీటర్‌గేజ్ లైను ఇది. నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య నల్లమల అడ్డం పడింది. అక్కడ బొగద దగ్గర కొండను తొలిచారు. దగ్గర్లోనే లోతైన లోయ మీద, ఎత్తైన ఇనుప స్తంభాలపై దొరబావి వంతెన కట్టారు. పులులు తిరిగే అడవిలో, మలేరియా నడుమ, 1880లలో జరిగిన పని అది.

ఇక మన వంతు. ఆ మీటర్‌గేజ్ దారి పడమటి కొస అరేబియా సముద్రం ఒడ్డున మార్ముగోవా రేవు. 1908లో బెజవాడ నుంచి బందరు దాకా మీటర్‌గేజ్ వేసేసరికి తూర్పు కొస బంగాళాఖాతం ఒడ్డు చేరింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి పాయ తీశారు. అంటే కొల్లేటి గట్టున కైకలూరు మీదుగా పోయిన పట్టాలూ, నల్లమల సొరంగంలో పరిచిన పట్టాలూ ఒకే కొలతవి, ఒకే రైల్వేవి. బందరు, భీమవరం లైన్లు 1960ల తొలినాళ్ళకల్లా బ్రాడ్‌గేజ్‌కు మారాయి. గుంటూరు-గుంతకల్లు లైను వంతు 1990లలో వచ్చింది. అప్పుడు నల్లమలలో కొత్త దారి తీసి, పాత సొరంగాన్నీ దొరబావి వంతెననూ వదిలేశారు. కరువు నుంచి మనుషుల్ని కాపాడాలని వేసిన దారి గుర్తులవి. వాటిని ఇంకా శ్రద్ధగా చూసుకోవాల్సింది.

అరకు రైలు అసలు అరకు కోసం కాదు

ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. కొత్తవలస-కిరండూల్ లైను, రైల్వేవాళ్ళ నోట కేకే లైను, పర్యాటకుల కోసం వేసింది కాదు. యుద్ధం తర్వాత మళ్ళీ నిలదొక్కుకుంటున్న జపాను ఉక్కు కొలుములకు ఇనుప ఖనిజం కావాల్సొచ్చింది. బస్తరు అడవుల్లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో, బైలదిల్లా కొండల నిండా మేలురకం ఖనిజం ఉంది. 1960లో భారత్, జపాన్ మధ్య ఒప్పందం కుదిరింది. ఖనిజం కొండ మీద, రేవు విశాఖలో. నడుమ తూర్పు కనుమలు. దండకారణ్య-బొలాంగీర్-కిరిబురు ప్రాజెక్టు కింద మూడు లైన్లు తలపెట్టారు. వాటిలో అన్నిటికన్నా కష్టమైనది ఇది. సుమారు 450 కిలోమీటర్ల దారిని ఆ దశాబ్దంలోనే పూర్తి చేశారు.

ఈ లైన్లో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయి. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి స్టేషన్లు ఒక్కొక్కటీ ముందుదాని కన్నా ఎత్తులో ఉంటాయి. ఒకచోట కిటికీలోంచి కిందికి చూస్తే కాసేపటి క్రితం మనం దాటొచ్చిన పట్టాలే సన్నగా కనిపిస్తాయి. ఎదురుగా దిగే గూడ్సు బళ్ళలో ఎర్రటి ఖనిజం. వానాకాలంలో ఆ ఎరుపు పెట్టెల అంచుల నుంచి కారి పట్టాల పక్క కంకరను కూడా ఎర్రబరుస్తుంది.

ఈసారి వెళ్ళినప్పుడు సొరంగం నోటి దగ్గర పైకి చూడండి, రాతి మీద నంబరు రాసి ఉంటుంది. లోపల చీకట్లో ఫోను వెలుతురు గోడ మీద పడితే, అక్కడక్కడా మనిషి నిలబడేంత గూళ్ళు కనిపిస్తాయి. పట్టాలు తనిఖీ చేసే ట్రాక్‌మన్ లోపల ఉండగా రైలొస్తే దాక్కునే చోటు అది. సొరంగంలో పక్కకు తప్పుకునే జాగా ఉండదు కాబట్టి కట్టేటప్పుడే ఆ గూళ్ళు తొలిచి పెడతారు. వంతెనకు గవర్నరు పేరుంది, సొరంగానికి నంబరుంది. తట్టలు మోసినవాళ్ళ పేర్లు, మందుగుండు పేల్చినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

మెయిన్ లైను కన్నా ముందే కరెంటు

హౌరా, మద్రాసు మెయిళ్ళు తిరిగే మన విజయవాడ-విశాఖ లైనుకు పూర్తిగా కరెంటు తీగలు వచ్చింది 1997 నాటికి. అడవుల్లో, కొండల్లో ఉన్న కేకే లైనుకు 1980-82లోనే వచ్చేశాయి. బరువైన ఖనిజం రైళ్ళను ఎక్కుళ్ళూ దిగుళ్ళూ ఉన్న దారిలో నడపాలంటే డీజిల్ ఇంజిన్లు రెండేసి, మూడేసి తగిలించాల్సొచ్చేది. పైగా సొరంగంలో పొగ బయటికి పోదు. కరెంటు ఇంజినుకు ఆ బాధ లేదు. దిగుడులో అది బ్రేకు వేస్తే మోటార్లు జనరేటర్లుగా మారి బండిని ఆపుతాయి, చక్రాల మీది బ్రేకు కట్టెలు కాగిపోవు. కొండదారుల్లో ఎక్కడం కన్నా బరువుతో క్షేమంగా దిగడమే కష్టమని డ్రైవర్లంటారు.

శిమిలిగుడ బోర్డు

అరకు చేరకముందు శిమిలిగుడ అనే చిన్న స్టేషను వస్తుంది. సముద్రమట్టం నుంచి 996.32 మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తైనదని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. 2008లో కశ్మీరు లోయలో రైలు మొదలయ్యాక ఆ పేరు అటు వెళ్ళింది. అయినా కొల్లేటి నేలలో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ బోర్డు ముందు నిలబడితే కళ్ళు తిరుగుతాయి. మన చేపలచెరువుల గట్లు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాయి మరి.

గుహ మీద రైలు

బొర్రా గుహల్లో సున్నపురాతి ఊడలు చూస్తూ లోపలికి నడిచేటప్పుడు, పైనున్న కొండ మీదుగా ఖనిజం రైళ్ళు పోతుంటాయి. కింద నీరు లక్షల ఏళ్ళు నిదానంగా తొలిచిన గుహ, పైన మనుషులు కొద్ది ఏళ్ళలో మందుగుండుతో తొలిచిన దారి. ఇలా రెండూ ఒకేచోట చూడగలిగే అవకాశం మరెక్కడైనా ఉందో లేదో గానీ, బొర్రా స్టేషన్లో దిగినవాళ్ళు ఒక్కసారి తలెత్తి ఆ సంగతి తలచుకోవాలి.

సొరంగం ఎలా తవ్వుతారు?

ముందు కొండకు రెండు వైపులా కొలతలు తీసి, రెండు కొసల నుంచీ ఒకేసారి మొదలుపెడతారు. పొడవు ఎక్కువైతే పక్క నుంచి మరో దారి తీసి మధ్యలో కూడా పని పెడతారు. రాతి ముఖంలో వరసగా రంధ్రాలు వేయడం, వాటిలో మందు కూరడం, అందరూ బయటికొచ్చాక పేల్చడం, పొగ పోయేదాకా ఆగడం, కప్పు నుంచి వేలాడే ముక్కలను రాల్చడం, రాళ్ళు ఎత్తిపోయడం. ఇంత చేస్తే ముందుకు సాగేది కొద్ది మీటర్లే. తర్వాత మళ్ళీ మొదటి నుంచీ. కప్పును గుర్రపు నాడా ఆకారంలో వంచుతారు, పైనున్న కొండ బరువు ఆ వంపు మీదుగా రెండు గోడల్లోకి దిగిపోతుంది. నేలను మాత్రం పూర్తిగా చదును చేయరు. రాతి పగుళ్ళలోంచి ఊరే నీరు బయటికి పారాలి కాబట్టి సన్నని వాలు ఉంచుతారు. కొండ లోపలికెళ్ళినా నీటి గొడవ తప్పదు.

వెలిగొండల్లో ఆరున్నర కిలోమీటర్లు

మన రాష్ట్రంలో పొడవైన రైలు సొరంగం అరకులో లేదు. కడప వైపు ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు దగ్గర వెంకటాచలం దాకా వేసిన కొత్త లైన్లో, చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య ఉంది. పొడవు 6.6 కిలోమీటర్ల పైనే. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయినా ఆరున్నర నిమిషాలు చీకట్లో ఉంటారు. పని 43 నెలల్లో ముగించారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఈ లైనును జాతికి అంకితం చేశారు. కరెంటు తీగలున్న సొరంగాల్లో దేశంలోకెల్లా పొడవైనదని అప్పట్లో పేరొచ్చింది.

ఈ సొరంగంలో పట్టాల కింద కంకర ఉండదు. కాంక్రీటు పలక మీదే పట్టాలు బిగించారు. బయట లైన్లో కంకర నలిగితే తీసి కొత్తది పోస్తారు, అదును చూసి కుదిస్తారు. ఆరున్నర కిలోమీటర్ల చీకటి గొట్టంలో ఆ పని ఎంత కష్టమో ఊహించుకోండి. కాంక్రీటయితే మనిషి లోపలికి పోవాల్సిన అవసరం తగ్గుతుంది. నాకైతే ఈ సొరంగం పొడవు కన్నా ఆ ఆలోచనే ఎక్కువ నచ్చింది.

అంతకు ముందు ఆ వైపు నుంచి కృష్ణపట్నం రేవుకు పోవాలంటే గూడ్సు బళ్ళు రేణిగుంట, గూడూరు చుట్టి రావాల్సిందే. ఇప్పుడు వెలిగొండలను సూటిగా దాటేస్తున్నాయి.

ఏలూరు జిల్లాలోనూ సొరంగాలున్నాయి!

రైలువి కావు గానీ ఉన్నాయి. పోలవరం జలాశయం నుంచి కుడి కాలువకు నీళ్ళు పంపడానికి కొండలో జంట సొరంగాలు తవ్వారు. ఇంకా వెనక్కి వెళ్తే, కామవరపుకోట దగ్గర గుంటుపల్లిలో బౌద్ధ భిక్షువుల కోసం క్రీస్తుకు పూర్వమే కొండను తొలిచారు. అక్కడి గుండ్రటి చైత్యంలో తలెత్తి చూడండి. కర్రతో వేసిన కప్పుకు ఎలా వాసాలుంటాయో అచ్చం అలాగే రాతిలో చెక్కారు. మందుగుండు లేదు, డ్రిల్లు లేదు, ఉలీ సుత్తీ మాత్రమే. విజయవాడలో చిట్టినగర్ సొరంగం గురించి కూడా అడుగుతుంటారు. అది రోడ్డుది, అందులో రైలు ఎన్నడూ నడవలేదు.

ప్రపంచంలో

స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ కింద 2016లో తెరిచిన గోథార్డ్ బేస్ సొరంగం 57 కిలోమీటర్లు. ప్రస్తుతం రైలు సొరంగాల్లో అదే అన్నిటికన్నా పొడవు. మన దేశంలో, 2025 జూన్‌లో పూర్తిగా తెరుచుకున్న కశ్మీరు లైన్లో ఖరీ, సంబర్ మధ్య సొరంగం 12.77 కిలోమీటర్లు.

వానాకాలం రాత్రులు

కొండ లైనుకూ మన లైనుకూ సరిగ్గా ఒకచోట పోలిక కుదురుతుంది. వానలు మొదలయ్యాక రైల్వేవాళ్ళు ప్రమాదం ఉన్న చోట్లను గుర్తించి రాత్రిళ్ళు గస్తీ పెడతారు. బొర్రా దగ్గర ట్రాక్‌మన్ కొండ మీంచి బండలు దొర్లాయేమో చూస్తాడు. తమ్మిలేటి వంతెన దగ్గర ట్రాక్‌మన్ నీరు గుర్తు దాటిందేమో, కట్ట మట్టి కోసుకుపోయిందేమో చూస్తాడు. ఇద్దరి చేతుల్లోనూ అదే టార్చి, అవే ఎర్ర జెండాలు, పట్టా మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే అవే డిటొనేటర్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, మహబూబాబాద్ వైపు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయినప్పుడు, ఈ ఉద్యోగం విలువ అందరికీ తెలిసొచ్చింది. మనం బెర్తు మీద నిద్రపోతున్న వేళ మోకాలిలోతు నీళ్ళలో నడిచే మనిషి అతను.

సొరంగాల లెక్క మారబోతోంది

అరకు వైపు ఇప్పుడు వెళ్ళినవాళ్ళకు పాత లైను పక్కన కొత్త తవ్వకాలు కనిపిస్తాయి. కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను వేస్తున్నారు, దానికి వేరే సొరంగాలు కావాలి. పాత సొరంగాలు ఒక్క లైనుకు సరిపోయేలా తొలిచినవి, వాటిలో రెండో పట్టాకు చోటు లేదు. పక్కనే రైళ్ళు తిరుగుతుండగా పేలుళ్ళు జరపాలంటే రైలు లేని వేళ చూసుకోవాలి, పేల్చాక పాత పట్టాల మీద రాయి పడలేదని నిర్ధారించుకున్నాకే సిగ్నలు ఇవ్వాలి. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజరుకు 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రాత్రి రైలెక్కితే ఆ బండి అందుకోవచ్చు. అద్దాల పెట్టె టిక్కెట్లు సెలవుల్లో త్వరగా అయిపోతాయి, ముందుగా చేయించుకోండి.